తడిసిన గ్యాడ్జెట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నీళ్లలో పడ్డ, పానీయం ఒలికిన చిన్న ఎలక్ట్రానిక్ వస్తువుల గురించి పాఠకులు అడిగినవాటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం. ఇవన్నీ బ్యాటరీతో నడిచే వస్తువులకే. గోడ ప్లగ్గుకు నేరుగా తగిలించేవి, అంటే ఛార్జర్లు, అడాప్టర్లు లాంటివి తడిస్తే ఇంట్లో విప్పొద్దు. ఛార్జరైతే పారేసి కొత్తది కొనుక్కోవడమే మేలు.

ప్రశ్న: ఫోన్ నీళ్ల బకెట్‌లో పడింది. వెంటనే తీసి తుడిచి, రెండు రోజులు బియ్యంలో పెట్టాను. ఆ తర్వాత బ్రహ్మాండంగా పనిచేసింది. మూడు వారాలు గడిచాక ఉన్నట్టుండి ఆగిపోయింది. తడి ఎప్పుడో ఆరిపోయింది కదా, ఇప్పుడెందుకు పాడైనట్టు?

నీళ్లు ఆరాయి గానీ, అవి మోసుకొచ్చిన సరుకు లోపలే ఉండిపోయింది. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరయ్యాక అవి లోపలి సర్క్యూట్ బోర్డు మీద పల్చటి పొరలా మిగిలిపోతాయి. ఆ పొర గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ తగిలిన లవణం గుండా కరెంటు పారుతుంది.

ఫోన్ స్విచాఫ్ చేసినంత మాత్రాన బోర్డుకు కరెంటు ఆగిపోదు. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ ఛార్జింగ్ ఐసీకి, పవర్ ఐసీకి (ఐసీ అంటే బోర్డు మీది చిప్పు), పవర్ బటన్ లైనుకు వోల్టేజీ అందుతూనే ఉంటుంది. బ్యాటరీ లైను మీద ఛార్జిని బట్టి 4 వోల్టులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ వోల్టేజీకి తడి లవణం తోడైతే విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ప్లస్ వైపున్న లోహం కొద్దికొద్దిగా కరిగి, మైనస్ వైపుకు చేరి, సన్నటి పోగుల్లా పెరుగుతుంది. ఐసీ రెండు కాళ్ల మధ్య అలాంటి పోగు కలిస్తే షార్ట్, అంటే కరెంటు అడ్డదారిన పారడం. బోర్డు మీది సన్నటి రాగి గీతను తుప్పు పూర్తిగా తినేస్తే ఆ లైను తెగినట్టే. నీళ్లలో పడ్డ రోజే జరగాల్సిన అవసరం లేదు, వారాలు పట్టొచ్చు. విప్పి చూస్తే ఆకుపచ్చగానో నీలంగానో కనిపించేది రాగి చిలుము. తెల్లటి పొడి టంకం నుంచి వచ్చినదో, నీటిలోని ఖనిజమో అయి ఉంటుంది.

బియ్యం చేసేదల్లా చుట్టూ ఉన్న గాలిలో కాస్త తేమ లాగడం. ఐసీల కింద, వెంట్రుక మందం సందులో అంటుకుని ఉన్న నీటిని అది బయటికి రప్పించలేదు, లవణాన్ని అసలే తీయలేదు. పైగా నూక, పిండి పోర్టులోకి దూరతాయి. ఐఫోన్‌ను బియ్యం సంచిలో పెట్టొద్దని ఆపిల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. మూత బిగించిన డబ్బాలో సిలికా జెల్ బియ్యం కన్నా బాగానే పనిచేస్తుంది గానీ, దానికీ చేతనయ్యేది ఆరబెట్టడం ఒక్కటే. కడగడం వేరే పని.

మీ ఫోన్‌ను ఇంకా వదిలేసుకోనక్కర్లేదు. ఆన్ అవుతుందేమోనని పదేపదే ఛార్జర్ పెట్టి చూడొద్దు, ప్రతిసారీ ఇంకాస్త లోహం కరుగుతుంది. విప్పించి, బ్యాటరీ కనెక్టర్ తీయించి, బోర్డు కడిగించండి. లోపలున్న ఫొటోలు ముఖ్యమనుకుంటే ఆ మాట రిపేరు చేసేవారికి ముందే చెప్పండి. ఇప్పటి ఫోన్లలో మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళంచెవి ప్రాసెసర్ లోపలే ఉంటుంది. మెమరీ చిప్పును పీకి వేరే చోట చదవడం కుదరదు. ఆ బోర్డే ఒక్కసారైనా లేవాలి. లేచిన వెంటనే చేయాల్సిన పని బ్యాకప్. స్క్రీన్ రంగులు, స్పీకర్ శబ్దం చూసుకోవడం తర్వాత.

ప్రశ్న: చిన్న బ్లూటూత్ స్పీకర్ మీద చక్కెర పానీయం ఒలికింది. స్క్రూడ్రైవర్లు, మల్టీమీటర్, సాల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. సొంతంగా శుభ్రం చేయాలంటే వరసగా ఏమేం చేయాలి?

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒక్కటే: బ్యాటరీని బోర్డు నుంచి వేరు చేయడం. మిగతా పనులన్నీ ఓ గంట ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు, ఇది ఆలస్యమైతే ఉంది. ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ఆఫ్‌లో ఉంటే బటన్ నొక్కి పరీక్షించొద్దు. ఛార్జింగ్ కేబుల్ తీసేయండి. స్పీకర్‌ను ఊపొద్దు. ఊపితే తడవని చోటికి కూడా తడి పాకుతుంది.

స్పీకర్లలో స్క్రూలు తరచూ అడుగున రబ్బరు కాళ్ల కిందో, ముందు జాలీ వెనకో దాక్కుంటాయి. పొడుగు పొట్టి స్క్రూలు కలిసిపోకుండా, కాగితం మీద పెట్టె బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకో, బ్యాటరీకో గుచ్చుకుంటుంది. ప్రతి వైరూ తీసేముందు ఒక ఫొటో. బ్యాటరీ ప్లగ్గును ప్లాస్టిక్ పుల్లతో లేపండి. ఇనుప మొన జారితే ప్లస్, మైనస్ కలిసిపోతాయి. ప్లగ్గు లేకుండా బ్యాటరీ వైర్లను నేరుగా టంకం పెట్టి ఉంటే ముందు ఎర్ర వైరు ఒక్కటే ఊడదీసి, దాని కొనకు వెంటనే టేపు చుట్టి, ఆ తర్వాతే నల్లదాని జోలికి వెళ్లండి. రెండింటినీ ఒకేసారి కట్టర్‌తో కత్తిరించకూడదు, కత్తెర పళ్లే వాటిని షార్ట్ చేస్తాయి.

బోర్డు ఒక్కటే చేతికొచ్చాక స్పీకర్ కోన్, డిస్‌ప్లే ఉంటే అది, బ్యాటరీ పక్కన పెట్టేయండి. అవి స్నానానికి రావు. బోర్డు మీద మైకు ఉంటే, అంటే నడుమ సన్నటి రంధ్రమున్న చిన్న లోహపు పెట్టె కనబడితే, దాని రంధ్రం మీద కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే పసుపు టేపు) ముక్క అంటించండి. కొన్ని బోర్డుల్లో మైకు రంధ్రం బోర్డు వెనక వైపు తెరుచుకుంటుంది, రెండు వైపులా చూడండి. ఐసీల మీద కప్పిన రేకు మూతలు బిగించినవైతే లేపండి. టంకం పెట్టినవైతే వదిలేసి, వాటి రంధ్రాల్లోంచి ద్రవం లోపలికీ బయటికీ పారేలా చూస్తే చాలు.

చక్కెర, ఉప్పు, సబ్బు ఉన్నచోట నేరుగా ఆల్కహాల్ పోయడం చాలామంది చేసే తప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చక్కెర గానీ ఉప్పు గానీ సరిగా కరగవు. వాటిని కరిగించేది నీరే. కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీల్లో పోసే నీళ్లు, గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో బోర్డు మునిగేంత పోయండి. అయిదు నిమిషాలు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ఐసీ కాళ్ల వెంట, కాళ్లు ఉన్న దిశలోనే తోమండి. అడ్డంగా తోమితే బ్రష్ పోగులు చిన్న భాగాలను పట్టి లాగొచ్చు. నీళ్లు పారబోసి కొత్తవి పోసి మళ్లీ. జిడ్డు పోయేదాకా రెండు మూడు సార్లు, మొత్తం అర లీటరు సరిపోతుంది. బ్యాటరీ లేని బోర్డుకు ఈ స్నానం వల్ల హాని లేదు.

ఆ తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చిన్న స్పీకర్ బోర్డుకు 100 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు. సగం పోసి అయిదు నుంచి పది నిమిషాలు ముంచి, తోమి, ఏటవాలుగా పట్టుకుని కారనిచ్చి, మిగతా సగంతో మరోసారి. సందుల్లో దాగిన నీటితో ఇది కలిసిపోయి బయటికి తెస్తుంది, ఆపై తనూ త్వరగా ఆవిరవుతుంది. అది పెట్రోలు లాగా అంటుకునే ద్రవం. 12 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పు పట్టుకోగలదు. కిటికీలు తెరవండి. పొయ్యి, అగరొత్తి, వేడి సాల్డరింగ్ ఐరన్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక్కడ భూతద్దం తీయండి, పది రెట్లు చూపించేదైతే మంచిది. ఛార్జింగ్ సాకెట్ కాళ్లు, బ్యాటరీ కనెక్టర్, పవర్ బటన్, బ్యాటరీ లైను మీద ఉన్న కెపాసిటర్లు (ఛార్జిని కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు): చిలుము మొదట పట్టేది వీటినే, ఎప్పుడూ వోల్టేజీ ఉండేది ఇక్కడే కాబట్టి. బ్రష్‌కు లొంగని పచ్చదనం మీద వెనిగర్‌లో ముంచిన దూదిపుల్ల ఒక నిమిషం ఆనించి, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగేయాలి. వెనిగర్ మిగిలితే అదే కొత్త తుప్పుకు దారి. టంకం మసిబారి గరుకుగా ఉంటే, బోర్డు పూర్తిగా ఆరిన తర్వాత టంకం బాగా పట్టేందుకు కాస్త ఫ్లక్స్ రాసి, 350 డిగ్రీల ఐరన్‌తో తాజా టంకం తాకించండి. బోర్డు ఆకుపచ్చ పూత కింద రాగి గీత నల్లగా మారి ఉంటే రెండు కొసల మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యూటీ, అంటే గీత తెగిందో లేదో చూడాలి. బీప్ రాకపోతే ఎనామిల్ పూత ఉన్న సన్నటి రాగి తీగతో ఒక కొసనుంచి మరో కొసకు వంతెన వేయడమే.

ఆరబెట్టేందుకు ఫ్యాను ముందు రెండు గంటలు, తర్వాత 40 నుంచి 45 డిగ్రీలు దాటని గోరువెచ్చని చోట ఓ అయిదారు గంటలు. కోన్‌కూ పెట్టెకూ తడిబట్టతో తుడుపు చాలు. కాగితపు కోన్ అయితే దాని మీద ఆల్కహాల్ పడనివ్వొద్దు. పెట్టె మూసేముందు కింద ఒక ప్రశ్నకు చెప్పిన మల్టీమీటర్ పరీక్షలు చేయండి.

ప్రశ్న: ఐసోప్రొపైల్ దొరకలేదు. హ్యాండ్ శానిటైజర్, సెంటు, పెట్రోలు, తుప్పు వదిలించే స్ప్రే... వీటిలో ఏదైనా వాడొచ్చా?

ఏదీ వద్దు. శానిటైజర్‌లో గ్లిజరిన్, జెల్ ఉంటాయి, అంటుకుపోతాయి. సెంటులో నూనెలు. పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌ను, రబ్బరును మెత్తబరుస్తాయి. తుప్పు స్ప్రేలు చాలావరకు నూనె పొర మిగుల్చుతాయి, దానికి దుమ్ము పట్టుకుంటుంది, పైగా కింద ఉన్న లవణం అలాగే మూతపడి ఉండిపోతుంది. ‘కాంటాక్ట్ క్లీనర్’ అని రాసి, ఆరాక ఏమీ మిగల్చదని చెప్పే స్ప్రే అయితే పరవాలేదు. 70 శాతం ఐసోప్రొపైల్ మాత్రమే ఉంటే దానితో కడిగి, ఆరబెట్టే సమయం రెట్టింపు చేయండి, దానిలో మిగతా 30 శాతం నీరే. ఏదీ లేకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి రెండు రోజులు ఆరబెట్టడం, అసలు కడగకపోవడం కన్నా చాలా నయం.

ప్రశ్న: హెయిర్ డ్రయర్, ఎండ, ఫ్రిజ్... త్వరగా ఆరడానికి ఏది మంచిది?

చల్లగాలి ఫ్యాను. డ్రయర్ వేడికి జిగురు వదులవుతుంది, డిస్‌ప్లే పొరలు పాడవుతాయి, ఆ గాలి తోపుకు నీరు ఇంకా లోపలికి వెళ్తుంది. మండుటెండలో నల్లటి వస్తువు, లోపల లిథియం బ్యాటరీ: ఆ జోడీ అసలు వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే చల్లటి లోహం మీద గాలిలోని ఆవిరి నీరై కడుతుంది, అంటే మళ్లీ తడుస్తుంది.

ప్రశ్న: ఇయర్‌బడ్స్ కేసుతో సహా జేబులో ఉండిపోయి వాషింగ్ మెషీన్‌లో ఒక విడత తిరిగాయి. ఇప్పుడు ఒక చెవిలో శబ్దం మరీ సన్నగా వస్తోంది. కేసు లైటు వెలగడం లేదు.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు ఇయర్‌బడ్స్‌ను ఆ కేసులో పెట్టడం మానేయండి. కేసులోని బంగారు రంగు పిన్నుల మీద ఛార్జింగ్ వోల్టేజీ ఉంటుంది. తడిగా ఉన్న ఇయర్‌బడ్‌ను అక్కడ కూర్చోబెడితే ఒక్క రాత్రిలో ఆ బంగారు పూత కింది లోహం నల్లబడిపోగలదు.

శబ్దం సన్నగిల్లడానికి చాలాసార్లు స్పీకర్ పాడవడం కారణం కాదు. జాలీ కళ్లలో సబ్బు నీరు పొరలా పట్టి ఆరిపోయి ఉంటుంది. రబ్బరు చెవి తొడుగు తీసి విడిగా కడగండి. జాలీ నేలవైపు ఉండేలా పట్టుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండేసిన బ్రష్‌తో నెమ్మదిగా అద్దండి. పైనుంచి కింద పడేలా తోమాలి, లోపలికి తోయకూడదు. నూలు రాని బట్ట మీద జాలీ వైపు ఆనించి తేలిగ్గా తట్టితే తేమ బట్టలోకి దిగుతుంది. ఇలా మూడు నాలుగు సార్లు. ఊదడం, పీల్చడం, ఎయిర్ బ్లోయర్ పెట్టడం చేయొద్దు. లోపలి పొర సిగరెట్ కాగితం కన్నా పల్చన, పక్కనే మైకు రంధ్రం కూడా ఉంటుంది. జాలీని అంటించింది జిగురుతో కాబట్టి ఆల్కహాల్ ఇక్కడ వాడకండి. ఛార్జింగ్ చుక్కలను మాత్రం ఆల్కహాల్ తగిలించిన దూదిపుల్లతో తుడవొచ్చు. ఇయర్‌బడ్‌ను విప్పాలనుకోకండి. చాలావాటిని జిగురుతో మూసేసి ఉంటారు, తెరిస్తే మళ్లీ సరిగా మూసుకోవు.

కేసు మాత్రం విప్పదగ్గదే. లోపలి తొట్టిని క్లిప్పులు, కొద్దిగా జిగురు పట్టి ఉంచుతాయి. మూత తెరిచి, అంచు వెంట పల్చటి ప్లాస్టిక్ కార్డు దూర్చి లేపాలి. లోపల ఒక చిన్న లిథియం బ్యాటరీ, చిన్న బోర్డు ఉంటాయి. స్పీకర్‌కు చెప్పిన పద్ధతే దీనికీ. సబ్బు నీరు కాబట్టి డిస్టిల్డ్ వాటర్ విడత ఎగ్గొట్టొద్దు. బ్యాటరీ పర్సులా ఉబ్బి ఉంటే మాత్రం కేసును అక్కడితో వదిలేయండి.

ప్రశ్న: నా ఫోన్ ఐపీ68. సముద్రంలో పడి తీశాను, పనిచేస్తూనే ఉంది. భయపడాల్సిందేమైనా ఉందా?

ఉంది. ఆ రేటింగు ఐఈసీ 60529 అనే ప్రమాణం ప్రకారం ఇచ్చేది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 7 అంటే ఒక మీటరు లోతున 30 నిమిషాలు. 8 అంటే అంతకన్నా కఠినం, ఎంత లోతు, ఎంతసేపు అనేది తయారీదారు చెప్పిన లెక్క. పరీక్ష జరిగేది నిలకడగా ఉన్న మంచినీటిలో, కొత్త పరికరం మీద. ఉప్పునీరు, సబ్బునీరు, ఆవిరి, అల తాకిడి ఆ పరీక్షలో లేవు. అంచుల్లో ఉండే జిగురు, రబ్బరు కాలంతో గట్టిబడతాయి. ఫోన్ ఒకసారి కిందపడి చట్రం వెంట్రుకవాసి వంగినా సీలు పోయినట్టే. విప్పి మూసిన ఫోన్‌కు కొత్త సీలు వేయకపోతే రేటింగు కాగితం మీదే మిగులుతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అది మామూలు కుళాయి నీటి కన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా కరెంటును పోనిస్తుంది, అందుకే తుప్పు గంటల్లోనే మొదలవుతుంది. ఫోన్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే మూసే ఉంచి, సన్నటి మంచినీటి ధార కింద బయటంతా కడగండి. తుడిచి, ఆ తర్వాత ట్రే తీసి, లోపల ఉండే తడి గుర్తు చూడండి. తెల్లటి చుక్క ఎర్రగానో గులాబీగానో మారితే లోపలికి నీరు చేరిందన్నమాట. గుర్తు ఎక్కడ ఉంటుందో మోడల్‌ను బట్టి మారుతుంది. కెమెరా అద్దం లోపల మసక కట్టడం, స్పీకర్ గరగరమనడం కూడా అదే సంగతి చెబుతాయి. ఇలాంటివేవైనా కనిపిస్తే ఆ రోజే విప్పించాలి, ఫోన్ పనిచేస్తున్నా సరే. ఉప్పునీరు దిగిన లిథియం బ్యాటరీని మళ్లీ వాడొద్దు. కొన్ని రోజుల తర్వాత కూడా అది లోపల షార్టయి వేడెక్కవచ్చు. అప్పటిదాకా ఫోన్‌ను మంచం మీద, బట్టల మధ్య ఉంచకుండా నేల మీద పెట్టండి.

ప్రశ్న: ఛార్జింగ్ పోర్టులో తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తోంది. పట్టించుకోకుండా పెట్టేస్తే ఏమవుతుంది? ఇంకో సంగతి, అంతకుముందు ఓసారి తడిసినప్పటి నుంచి కేబుల్ ఒక వైపే పెడితే ఛార్జవుతోంది, తిప్పి పెడితే కావడం లేదు.

మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. యూఎస్‌బీ-సీ సాకెట్‌లో వరసకు 12 చొప్పున రెండు వరసలు, మొత్తం 24 కాళ్లు. కరెంటు వచ్చే కాళ్లు, గ్రౌండ్ (మైనస్) కాళ్లు రెండు వరసల్లోనూ ఉంటాయి. కేబుల్ ఏ వైపు తిరిగి ఉందో, ఎంత కరెంటు అడగాలో తేల్చే ‘సీసీ’ కాలు మాత్రం ఒక్కో వరసలో ఒక్కటే, అయిదో స్థానంలో. దానికి ఆనుకునే నాలుగో స్థానంలో ఛార్జర్ నుంచి వచ్చే కరెంటు కాలు ఉంటుంది. తడిగా ఉండగా ఛార్జర్ పెడితే 5 వోల్టులు, వేగంగా ఛార్జ్ చేసేవాటిలో 9 నుంచి 20 వోల్టుల దాకా, ఆ సన్నటి సందు మీదుగా పక్క కాలుకు పాకుతాయి. సీసీ కాలు మసైపోతే ఆ వైపు కేబుల్ ఫోన్‌కు కనబడదు. మీ ఫోన్‌కు జరిగింది దాదాపు ఇదే.

హెచ్చరిక వచ్చినప్పుడు కేబుల్ తీసి, పోర్టు కిందికి ఉండేలా అరచేతి మీద తట్టి, కనీసం అరగంట గాలి ఆడే చోట వదిలేయండి. పూర్తిగా ఆరడానికి ఒక రోజు కూడా పట్టొచ్చు. అత్యవసరమైతే, వీపు పొడిగా ఉంటే, వైర్‌లెస్ ఛార్జింగ్ వాడుకోవచ్చు. పోర్టు పొడిగా ఉన్నా హెచ్చరిక పోకపోతే కేబుల్ కొన తడిగా ఉందేమో చూడండి, లేదా లోపల లవణం మిగిలి ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, ఆల్కహాల్‌లో ముంచి విదిలించిన సన్నటి బ్రష్‌తో నడుమనున్న నాలుకను రెండు వైపులా తోమి, గంటసేపు ఆగండి. గుండుసూది, పిన్నీసు దూర్చొద్దు. దీనితో కూడా రెండో వైపు పనిచేయకపోతే సాకెట్ మార్పించాలి. చాలా ఫోన్లలో అది చిన్న విడి బోర్డు మీదే ఉంటుంది కాబట్టి పెద్ద పనేం కాదు.

ప్రశ్న: బోర్డు శుభ్రంగా కడిగాను, ఆరింది. బ్యాటరీ పెడితే ప్రాణం లేదు. ఎక్కడినుంచి వెతకాలి?

బ్యాటరీ విడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. దాని వోల్టేజీ చూడండి: ఒకే సెల్ అయితే 3.0 నుంచి 4.2 మధ్య (కొన్ని ఫోన్లలో 4.4 దాకా) ఉండాలి. 2.5 కన్నా తక్కువైతే దాన్ని లేపాలని చూడొద్దు, కొత్తది వేయండి. సున్నా చూపిస్తే బ్యాటరీ తల మీద పసుపు టేపు కింద ఉండే రక్షణ బోర్డు తుప్పు పట్టి ఉండొచ్చు. అప్పుడూ మార్చడమే సురక్షితం.

తర్వాత బోర్డు వైపు బ్యాటరీ కనెక్టర్‌లో ప్లస్, మైనస్ మధ్య కొలవండి. మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర కొన గ్రౌండ్‌కు, నల్ల కొన ప్లస్‌కు. అంకె కాస్త పాకి 0.3 నుంచి 0.6 దగ్గర నిలిస్తే మామూలే. 0.00 చూపించి బీప్ మోగితే ఆ లైను షార్ట్. షార్ట్ ఉండగా బ్యాటరీ తగిలించొద్దు.

షార్ట్‌ను పట్టుకోవడానికి కరెంటు పరిమితి పెట్టగల బెంచ్ పవర్ సప్లై కావాలి. 1 వోల్టు, 1 ఆంపియరు దగ్గర పెట్టి ఆ లైనులోకి ఇవ్వండి. బోర్డు మీద ఆల్కహాల్ పల్చగా రాయండి. మిగతా చోట్ల తడి మెరుస్తుండగానే ఒక్క చోట గుండ్రంగా పొడిబారుతుంది. అక్కడున్న భాగమే వేడెక్కుతోంది. చాలాసార్లు అది ఆవగింజంత సిరామిక్ కెపాసిటర్. లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య ఉన్న కెపాసిటరైతే తీసేసి మళ్లీ కొలవండి. షార్ట్ పోతే, అదే లైనులో అలాంటివి ఇంకా ఉంటాయి కాబట్టి, పరికరం సాధారణంగా లేస్తుంది. అదే విలువది తర్వాత వేయొచ్చు. వేడెక్కేది ఐసీ అయితే కథ కొంచెం పెద్దది. ఒక్కోసారి దాని కింద ఇంకా లవణం ఉండటం వల్లే అలా జరుగుతుంది, మార్చేముందు మళ్లీ ఒకసారి కడిగి చూడటంలో పోయేదేం లేదు.

షార్ట్ లేకుండానే లేవకపోతే పవర్ బటన్‌ను అనుమానించండి. బ్యాటరీ తగిలించి, బటన్ కాళ్లలో గ్రౌండ్ కానిదాని మీద వోల్టేజీ చూడండి. చాలా బోర్డుల్లో నొక్కనప్పుడు 1.8 వోల్టులో, బ్యాటరీ వోల్టేజీయో ఉంటుంది, నొక్కితే సున్నాకు పడుతుంది. ఎప్పుడూ సున్నాలోనే ఉంటే బటన్ లోపల తుప్పుతో అతుక్కుపోయిందనో, ఆ లైను తెగిందనో అర్థం. నొక్కినా పడకపోతే బటన్ పనిచేయడం లేదు. చిన్న స్పీకర్లలో, టార్చీల్లో, ప్లేయర్లలో నీటికి ముందుగా బలయ్యేది ఈ అతి చవక భాగమే.

ఫోన్ అయితే ఇంకొకటి: మోగుతుంది, వణుకుతుంది, తెర మాత్రం నల్లగా. చీకట్లో తెర మీదికి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. మసకగా బొమ్మ కనబడితే ఎల్‌సీడీ బాగానే ఉంది, దాని వెనక దీపం సర్క్యూట్ పోయింది. బోర్డులో ఎక్కువ వోల్టేజీ ఉండే లైన్లలో అదొకటి, అందుకే తడికి త్వరగా తుప్పు పడుతుంది. ఓలెడ్ తెరలకు ఈ పరీక్ష వర్తించదు, వాటికి వెనక దీపం ఉండదు.

ప్రశ్న: చిన్న డిజిటల్ కెమెరా తడిసింది. బ్యాటరీ తీసేశాను. ఇక విప్పడం సురక్షితమేనా?

ఫ్లాష్ ఉంటే కాదు. ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలవ ఉంటాయి, బ్యాటరీ తీసిన తర్వాత కూడా చాలాసేపు. చేత్తో తగిలితే గట్టి దెబ్బ. ఆ వోల్టేజీని ఎలా దించాలో ముందే తెలిసినవాళ్లు మాత్రమే పెట్టె తెరవాలి. మీరు చేయగలిగింది, మెమరీ కార్డు, బ్యాటరీ తీసి, తలుపులన్నీ తెరిచి, లెన్సు కిందికి చూసేలా పెట్టి రిపేరుకు పంపడం. కార్డును విడిగా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తుడిచి, ఒక రోజు ఆరబెట్టి చదవండి. కార్డులు, పెన్‌డ్రైవ్‌లు తడిసేటప్పటికి వాటిలో కరెంటు ఉండదు కాబట్టి చాలావరకు బతికిపోతాయి.

ప్రశ్న: రిమోట్‌లో పానీయం పడి కొన్ని బటన్లు జిగటగా ఉన్నాయి, కొన్ని పనిచేయడం లేదు.

సెల్స్ తీసి, సెల్స్ గదిలో స్క్రూ ఉందేమో చూసి, అంచు వెంట ప్లాస్టిక్ కార్డుతో క్లిప్పులు విప్పండి. రబ్బరు బటన్ల పట్టీని, ప్లాస్టిక్ పెట్టెను సబ్బు నీళ్లతో నిక్షేపంగా కడగొచ్చు. బోర్డు మీదున్న నల్లటి గళ్లు కార్బన్ పూత. వాటిని ఆల్కహాల్ తగిలించిన దూదితో ఒకటి రెండుసార్లు మెల్లగా తుడవాలి తప్ప రుద్దకూడదు, రబ్బరుతో గీకితే పూతే లేచిపోతుంది. స్ప్రింగుల దగ్గర తెల్లటి పొట్టు ఉంటే అది ఒలికిన పానీయానిది కాదు, ఆల్కలైన్ సెల్ కారింది. ఆ క్షారానికి వెనిగరో నిమ్మరసమో దూదిపుల్లతో అద్ది, నురగ ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి. చేతికి తొడుగు వేసుకోండి. బిగించాక ఫోన్ ముందు కెమెరాలో చూస్తూ ఒక్కో బటన్ నొక్కితే రిమోట్ కొన దగ్గర దీపం ఊదారంగులో మినుకుతుంది. ఏ బటన్‌కు మినుకదో ఆ గడి ఒక్కటే మళ్లీ తుడిస్తే సరి.

ప్రశ్న: తడిసిన పరికరంలోని బ్యాటరీ కొద్దిగా ఉబ్బింది. గాలి తీసేసి వాడుకోవచ్చా?

వద్దు. లోపల ఉన్నది గాలి కాదు, ఎలక్ట్రోలైట్ విడిపోయి పుట్టిన వాయువు. అది మండుతుంది. గుచ్చినా నొక్కినా లోపలి పొరలు తగులుకుని మంటలు రావచ్చు. ఛార్జ్ చేయకుండా, కొనలకు టేపు వేసి, ఇసుక పోసిన లోహపు డబ్బాలో ఇంటి బయట నీడలో ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. మామూలు చెత్తబుట్టలో వేయొద్దు. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు వోల్టేజీ, కనెక్టర్, ప్లస్ మైనస్ వరస పాతదానితో సరిపోయాయో లేదో మీటర్‌తో చూసుకోండి. ఒకేలా కనిపించే కనెక్టర్లలో ఎర్ర, నల్ల వైర్లు తారుమారై ఉండటం మామూలే.